ఒత్తిడి బయటిది... శిక్ష ఒంటిది!

నిద్ర పట్టదు. మెడ పట్టేస్తుంది. కడుపులో మంట. చిన్న మాటకే కస్సుమంటాం. పరీక్షలు చేయిస్తే మాత్రం అన్నీ నార్మల్! ‘టెన్షన్, అంతే’ అని సరిపెట్టుకునే ఆ రోజుల్లో ఒంట్లో నిజంగా జరుగుతున్నదేమిటి? దానికి విరుగుడు ఎవరి చేతిలో ఉంది?

రాత్రి రెండు కావస్తోంది. కొండాపూర్‌లో ఓ ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు. ముప్ఫై నాలుగేళ్ల యువకుడు ఛాతీ అదిమిపట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. మెడలో ఆఫీసు ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. చొక్కా చెమటకు తడిసి వీపుకి అంటుకుపోయింది. పక్కన భార్య, ఆమె భుజం మీద నిద్రపోతున్న మూడేళ్ల పాప. ‘గుండెపోటా సార్?’ అని అడగలేక అడిగాడు. నర్సు ఈసీజీ తీసింది. గళ్ల కాగితాన్ని డాక్టరు రెండుసార్లు పరీక్షగా చూశారు. రక్తపరీక్ష చేయించారు. తెల్లవారుజామున మళ్లీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి.

అప్పుడాయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ‘రోజూ ఎన్నింటికి పడుకుంటారు?’

అతను తడుముకుంటుంటే భార్యే చెప్పింది. ‘రెండు, రెండున్నర అవుతుంది సార్. అమెరికా కాల్స్. పడుకున్నా నిద్రపోరు, పళ్లు కొరుకుతుంటారు. ప్రాజెక్టులో సగం మందిని తీసేశారు. వాళ్ల పని కూడా ఇప్పుడు ఈయన మీదే పడింది.’

‘గుండెకేమీ కాలేదమ్మా. టెన్షన్ తగ్గించుకోమనండి, చాలు’ అన్నారు డాక్టరు. ఆ మాటతో ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఉదయం పదింటికి అతను మళ్లీ లాగిన్ అయ్యాడు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ఏ పెద్దాసుపత్రిలోనైనా రాత్రిపూట కనిపించే దృశ్యమే ఇది. ఆ డాక్టరు చెప్పింది నిజమే, గుండెకేమీ కాలేదు. కానీ అసలేమీ కాలేదనుకుంటే పొరపాటు. ఒత్తిడి మనసులో పుట్టి మనసులోనే ఆరిపోయే ఊహ కాదు. రక్తంలో కొలవగలిగిన మార్పు. నెలల తరబడి సాగితే బీపీగా, షుగర్‌గా, మానని పుండుగా, మతిమరుపుగా బయటపడుతుంది. ఇక ‘తగ్గించుకోమనండి’ అన్న సలహా ఉందే... దాన్ని పాటించే వీలు చాలామందికి వాళ్ల చేతిలో లేకపోవడమే ఈ కథలో అసలు విషాదం.

డెబ్భయ్యా... తొంభయ్యా?

ఒత్తిడి గురించి ఇంత బాహాటంగా మాట్లాడుకోవడం మనకు కొత్తే. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తారు, ఆదివారం కూడా పనిచేయించలేకపోతున్నందుకు చింతిస్తున్నానన్నారు. అదే ఏడాది రెండు తెలుగు రాష్ట్రాలూ రోజువారీ పనిని 10 గంటల దాకా పెంచుకునే వీలు కల్పించే నిర్ణయాలు తీసుకున్నాయి. వారానికి 48 గంటల పరిమితిని మాత్రం తెలంగాణ ఉత్తర్వు అలాగే ఉంచింది. దాంతో ఆఫీసు క్యాంటీన్ల నుంచి పెళ్లి భోజనాల దాకా ఇదే చర్చ.

ఈ చర్చలో దేశభక్తి, ఉత్పాదకత, కుటుంబం అన్నీ వచ్చాయి. ఒంటి సంగతే వెనకబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. అలా పనిగంటలు మితిమీరడం వల్ల 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 7,45,000 మంది ప్రాణాలు పోయాయని ఆ సంస్థల అంచనా. తొంభై గంటల మాట ఎత్తేముందు ఈ అంకెల్ని ఒక్కసారి చూడాలి.

ఫోన్ మోగిన క్షణంలో...

ఆదివారం సాయంత్రం. పిల్లాడితో క్యారమ్స్ ఆడుతున్నారు. ఫోన్ మోగింది. తెర మీద మేనేజరు పేరు. మీరింకా ఎత్తలేదు. విషయమేమిటో తెలియదు. కానీ ఒంట్లో పని మొదలైపోయింది.

ముందు మెదడు లోపల బాదంగింజంత ఉండే ‘అమిగ్డలా’ అనే భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. హైపోథాలమస్‌కి కబురందుతుంది. అక్కడి నుంచి నాడుల ద్వారా కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకు ఆదేశం వెళుతుంది. క్షణాల్లో అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె దడదడలాడుతుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. కాలేయం దాచిపెట్టిన చక్కెరను వదిలేస్తుంది. కడుపు, పేగుల నుంచి రక్తం కాళ్లూ చేతుల కండరాలకు మళ్లుతుంది. నోరు పిడచకట్టుకుపోతుంది. అరచేతులు చెమర్చుతాయి. దెబ్బ తగిలితే రక్తం త్వరగా గడ్డకట్టేలా ప్లేట్‌లెట్లు సిద్ధమవుతాయి.

దీని వెనకే రెండో దళం బయల్దేరుతుంది. హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది అడ్రినల్ గ్రంథికి రసాయనాలతో సందేశం పంపుతాయి. ‘కార్టిసాల్’ అనే హార్మోను ఊరుతుంది. ఇది అడ్రినలిన్‌లా క్షణాల మీద పనిచేసేది కాదు. 20, 30 నిమిషాలకు తారస్థాయికి చేరుతుంది. అందుకే ఫోన్ పెట్టేసి అరగంటైనా మనిషి మామూలుగా ఉండడు. పిల్లాడు క్యారమ్స్ కాయిన్ కింద పడేస్తే అరుస్తాడు. ఆ అరుపు నిజానికి పిల్లాడి మీద కాదు.

ఇదంతా శత్రువు కాదు, మన ప్రాణరక్షణ. పులి ఎదురైతే పరుగెత్తడానికి, లేదా తిరగబడడానికి శరీరం చేసుకునే ఏర్పాటు. ప్రమాదం తప్పగానే కార్టిసాల్ తానే వెళ్లి మెదడుకు ‘ఇక చాలు’ అని చెబుతుంది. మొత్తం యంత్రాంగం చల్లబడుతుంది. పరీక్షకు ముందు రాత్రి చదివింది బుర్రకెక్కడం, పెళ్లి పనుల్లో నాలుగు రోజులు నిద్ర లేకున్నా తిరగగలగడం, లారీ మీదికొస్తుంటే పిల్లను ఒక్క ఉదుటున పక్కకు లాగడం... అన్నీ ఈ ఏర్పాటు పుణ్యమే.

చిక్కెక్కడంటే, నేటి పులి ఎదురుగా నిలబడదు. అది ఐదో తారీఖు ఈఎంఐ. లేఆఫ్ లిస్టు. అమ్మాయి ర్యాంకు. వడ్డీ వ్యాపారి ఫోను. దాని ముందు పరుగెత్తలేం, తిరగబడలేం. కుర్చీలో కూర్చుని ‘ఓకే సర్’ అంటాం. పులి వెళ్లిపోదు, ‘ఇక చాలు’ అన్న కబురు రాదు. ట్యాంకు నిండాక కూడా బోరు మోటారు కట్టేయకపోతే ఏమవుతుంది? మొదట నీళ్లు పొర్లిపోతాయి, చివరికి మోటారే కాలిపోతుంది. దీర్ఘకాలం సాగే ఒత్తిడి ఒంట్లో చేసేది అదే.

> భీమవరం బిడ్డ... ఆ పరుగు వెనక శక్తి
>
> ‘పోరాటమా, పలాయనమా’ అన్న ఈ శరీర స్పందనను శాస్త్రంగా వివరించినవాడు హార్వర్డ్ మెడికల్ స్కూల్ ఆచార్యుడు వాల్టర్ కానన్. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే, కొత్తగా వచ్చిన ఎక్స్‌రే కింద పిల్లుల జీర్ణక్రియను గమనించేవాడు. పిల్లి బెదిరితే చాలు, దాని కడుపు కదలికలు టక్కున ఆగిపోయేవి. టెన్షన్‌లో తిన్నది అరక్కపోవడానికి కారణం అక్కడే దొరికింది. ఆ పరిశోధనలే 1915లో పుస్తకంగా వచ్చాయి.
>
> కానన్ అక్కడ ఆచార్యుడిగా ఉన్న కాలంలోనే, అదే విద్యాసంస్థలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. ప్రమాదం ఎదురైన తొలి క్షణాల్లో కండరం వాడుకునే శక్తి ఈ రెండిటిదే. మనం ఒక్క ఉదుటున పరుగందుకోవడం వెనక ఉన్న రసాయనాన్ని తొలిసారి చూసిన కళ్లలో తెలుగు కళ్లూ ఉన్నాయి.

ఒత్తిడి వదిలిన మూడు గుర్తులు

కానన్ చూసింది క్షణకాలపు భయాన్ని. అది నెలల తరబడి సాగితే? ఆ ప్రశ్నకు జవాబు మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే యువ వైద్యుడికి అనుకోకుండా దొరికింది. ఆయన వెతుకుతున్నది ఒక కొత్త హార్మోను కోసం. ఎలుకలకు రకరకాల రసాలు ఎక్కించాడు. ఏది ఎక్కించినా, చలిలో ఉంచినా, అతిగా పరుగెత్తించినా లోపల కనిపించినవి అవే మూడు గుర్తులు: అడ్రినల్ గ్రంథులు వాచిపోయాయి, రోగనిరోధక శక్తికి ఆధారమైన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. 1936లో ‘నేచర్’ పత్రికలో చిన్న లేఖగా దీన్ని ప్రచురించాడు. బాధ ఏదైనా ఒళ్లు మొదట ఉలిక్కిపడుతుంది, తర్వాత ఓర్చుకుంటుంది, చివరికి చేతులెత్తేస్తుంది అన్నది ఆయన తేల్చిన సారం.

మనవాళ్లలో ఎక్కువమంది ఉండేది ఆ రెండో దశలోనే. ఓర్చుకుంటూ ఉంటారు. బయటికి అంతా బాగానే ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లకూ తెలియదు.

తల నుంచి కాళ్ల దాకా...

గుండె: ప్రతి ఉలికిపాటుకూ బీపీ పెరుగుతుంది. రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి పెరిగితే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడే కొవ్వు పేరుకుంటుంది. 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం 2004లో వెలువడింది. అందులో మన దేశమూ ఉంది. గుండెపోటుకు దారితీసే తొమ్మిది ప్రధాన కారణాల్లో పొగతాగడం, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ సమస్యల సరసనే మానసిక, సామాజిక ఒత్తిళ్లను కూడా అది చేర్చింది. పిడుగులాంటి వార్త విన్నప్పుడు గుండె కండరం కొద్దిరోజులపాటు ఉబ్బి బలహీనపడే ‘టాకోట్సుబో’ అనే జబ్బును 1990లో జపాన్ వైద్యులు గుర్తించారు. నడివయసు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. సకాలంలో వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు.

షుగర్, బరువు: పరుగు కోసం కాలేయం వదిలిన చక్కెర, కుర్చీలో కూర్చున్నవాడి రక్తంలోనే తిరుగుతుంది. కార్టిసాల్ ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది, ఆకలి పెంచుతుంది. రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టాలనిపించడం నోటి చాపల్యం ఒక్కటే కాదు. ఆ కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2023 అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. దీనికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు కానీ, ఉన్న షుగర్‌ను అదుపు తప్పించడంలో దాని చెయ్యి పెద్దది.

నిద్ర: కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి మనల్ని లేపుతుంది, అర్ధరాత్రికి అట్టడుగుకు దిగుతుంది. రాత్రి కాల్స్, షిఫ్టులు ఈ లయను తలకిందులు చేస్తాయి. ‘ఒక పెగ్గు వేస్తే నిద్ర పడుతుంది’ అనేవాళ్లున్నారు. మందు కునుకు తెప్పిస్తుంది, నిద్రను మాత్రం ముక్కలు చేస్తుంది.

రోగనిరోధక శక్తి: బ్రిటన్‌లో 394 మంది ఆరోగ్యవంతులు, వాళ్ల సమ్మతితోనే, జలుబు వైరస్ ఉన్న చుక్కలు ముక్కులో వేయించుకున్నారు. ఎవరి మీద ఒత్తిడి ఎక్కువగా ఉందో వాళ్లకే ఎక్కువగా జలుబు చేసింది. 1991లో షెల్డన్ కోహెన్ బృందం వెల్లడించిన ఫలితమిది. ‘నెల రోజులుగా రొంప తగ్గట్లేదు’ అనే వ్యక్తిని మందుల పేర్లతో పాటు ఇంటి పరిస్థితి కూడా అడగాలి.

ఆమె చేతి మీద గాయం

ఒత్తిడి అనగానే మనకు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మగాడే గుర్తొస్తాడు. మంచం పట్టిన అత్తగారికి నీళ్లు పోసి, గుడ్డలు మార్చి, రాత్రి మూడుసార్లు లేచే కోడలు గుర్తురాదు. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు. ‘ఇంట్లోనే ఉంటావుగా, నీకేం టెన్షన్’ అన్న మాట మాత్రం ఉంది.

అమెరికాలోని ఒహాయోలో జానిస్ కీకోల్ట్‌గ్లేజర్ బృందం ఇలాంటి స్త్రీల మీద ఒక పరిశోధన చేసింది. మతిమరుపు జబ్బున్న అయినవాళ్లకు సేవ చేస్తున్న 13 మందిని, అదే వయసులో ఆ భారం లేని మరో 13 మందిని ఎంచుకున్నారు. అందరికీ ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. పప్పుగింజంత కూడా లేని ఆ గాయం, సేవ చేస్తున్న స్త్రీలకు సగటున తొమ్మిది రోజులు ఆలస్యంగా మానింది. 1995లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక దీన్ని ప్రచురించింది.

తొమ్మిది రోజులు! ఆ స్త్రీలు ఎవరితో చెప్పుకున్నా, చెప్పుకోకున్నా వాళ్ల చర్మం చెప్పింది. మన ఇళ్లలో ఇలాంటి ఆడవాళ్లు ఎందరో. వాళ్ల మోకాళ్ల నొప్పులకు, తలనొప్పులకు మాత్రలు తెచ్చిపెట్టి ఊరుకుంటాం. వారానికి రెండు పూటలు ఆ పని ఇంకొకరు అందుకుంటే అదే సగం మందు. ఆ ఇంకొకరు కొడుకే అయితే మరీ మంచిది.

> ఈ రెండూ తెలుసుకోండి
>
> అల్సర్‌కు కారణం టెన్షన్ ఒక్కటే కాదు: కడుపులో పుండ్లు ఒత్తిడి వల్లే వస్తాయని ఏళ్ల తరబడి నమ్మారు. ‘హెలికోబాక్టర్ పైలోరీ’ అనే బ్యాక్టీరియా వాటికి ముఖ్య కారణమని ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ తేల్చారు. 2005లో నోబెల్ అందుకున్నారు. నొప్పిమాత్రలు అతిగా వాడడం మరో కారణం. ఒత్తిడి మంటను పెంచుతుంది కానీ, ‘టెన్షన్ వల్లలే’ అని పరీక్ష మానకండి.
>
> ఛాతీనొప్పిని ‘గ్యాస్’ అనుకోవద్దు: ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే ఒత్తిడా గుండెపోటా అని ఇంట్లో తేల్చుకునే పని పెట్టుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

‘ఈ మధ్య ఏదీ గుర్తుండట్లేదు’

ఒత్తిడిలో ఉన్నవాళ్ల నోట తరచూ వచ్చే మాట ఇది. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా, ఈ ఫైలు ఎందుకు తెరిచాను... దీనికీ కారణముంది. జ్ఞాపకాలను భద్రపరిచే ‘హిపోక్యాంపస్’ అనే మెదడు భాగం కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలతో నిండి ఉంటుందని 1968లో బ్రూస్ మెక్ఈవెన్ బృందం ఎలుకల్లో కనిపెట్టింది. ఒత్తిడి నెలల తరబడి సాగితే అక్కడి నాడీకణాల కొమ్మలు కుదించుకుపోతాయని తర్వాత తేలింది. ఆచితూచి నిర్ణయం తీసుకునే నుదుటి వెనక భాగం నెమ్మదిస్తుంది. భయాన్ని పసిగట్టే అమిగ్డలా మాత్రం మరింత చురుకవుతుంది. కాబట్టే ఒత్తిడిలో ఉన్నవాడు మంచిమాటలోనూ ఎత్తిపొడుపు వెతుకుతాడు. కోపంలో రాజీనామా పడేస్తాడు. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తాడు. అతని తెలివికేం లోటు లేదు. ఆలోచించే భాగానికి ఊపిరాడటం లేదు.

ఇదే స్థితి ముదిరితే ఆందోళన, డిప్రెషన్ దాకా వెళ్తుంది. దేన్నీ ఆస్వాదించలేకపోవడం, తెల్లారితే భయం, అయినవాళ్ల మీద విసుగు, ‘నేను లేకపోతేనే అందరికీ మంచిది’ అన్న ఆలోచన... ఇంత దూరం వచ్చాక ధైర్యవచనాలు సరిపోవు, వైద్యం కావాలి.

ఊరట కలిగించే సంగతి కూడా ఉంది. న్యూయార్క్‌లో పెద్ద పరీక్షకు నెలరోజులపాటు ఒళ్లు హూనం చేసుకుని చదివిన వైద్య విద్యార్థుల మెదళ్లను స్కాన్ చేశారు. దృష్టిని ఒక విషయం నుంచి మరోదానికి మళ్లించే సామర్థ్యం వాళ్లలో తగ్గింది. పరీక్ష అయిపోయి నెలరోజులు విశ్రాంతి దొరికాక మళ్లీ మామూలైపోయింది. 2009లో వెలువడిన ఫలితమిది. అంటే ఆ వయసు మెదడుకు కావలసింది కాస్త విరామం.

ఆ విరామమే మన పిల్లలకు లేదు

ఇంటర్ కాలేజీ హాస్టల్. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్. మధ్యలో వారాంతపు పరీక్ష, దాని ర్యాంకు, ఆ ర్యాంకును బట్టి సెక్షను. పై సెక్షను నుంచి కింది సెక్షనుకు పంపితే, పదహారేళ్ల పిల్లాడికి అది ఊళ్లో తలెత్తుకోలేని అవమానం. ఆదివారం అమ్మానాన్నా వచ్చి ముందు అడిగేది ‘ఎన్ని మార్కులొచ్చాయిరా?’ అనే. తిన్నావా, నిద్ర పడుతోందా అన్నది రెండో ప్రశ్న. ఒక్కోసారి ఆ రెండో ప్రశ్న రాదు కూడా.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు రాష్ట్రం అట్టుడికింది. ఆ రోజుల్లో పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ఇలా వెళ్లిపోయారు. ప్రతి మరణం వెనకా ఒకే కారణం ఉండదు. కానీ ‘నాకు భయమేస్తోంది’ అని ఆ పిల్లలు చెప్పుకోగలిగిన మనిషి ఒక్కరు దగ్గరుంటే ఎన్నో ఇళ్లలో దీపం ఆరేది కాదు.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై దాఖలైన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలంది. మార్కుల ఆధారంగా పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయవద్దంది. నలుగురిలో అవమానించవద్దంది. అడ్మిషన్ ఫారం నింపే ముందు ‘మీ దగ్గర కౌన్సెలర్ ఎవరు? ఒకసారి కలవొచ్చా?’ అని ప్రతి తల్లీ తండ్రీ అడగాలి. ఫీజు గురించి అడిగినంత గట్టిగా అడగాలి.

పగ్గం ఎవరి చేతిలో?

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకే టెన్షన్ ఎక్కువన్నది మన నమ్మకం. లండన్‌లో 1967లో మొదలైన ‘వైట్‌హాల్’ అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. దాదాపు 18,000 మంది ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యాన్ని మైకేల్ మార్మట్ తదితరులు ఏళ్ల తరబడి గమనించారు. గుండెజబ్బు మరణాలు పై అధికారులకంటే అట్టడుగు ఉద్యోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా తేలాయి. పొగతాగడం, బీపీ లాంటివన్నీ కలిపినా ఆ తేడాలో కొంతభాగాన్నే వివరించగలిగారు. 1985లో 10,308 మందితో మొదలైన రెండో అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. తాను ఏ పని ఎప్పుడు ఎలా చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ లేనివాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువ.

అంటే బరువు ఒక్కటే కాదు మనిషిని కుంగదీసేది. బరువుంటుంది, దాని పగ్గం ఇంకొకరి చేతిలో ఉంటుంది... ఆ స్థితి కుంగదీస్తుంది. కౌలు రైతునే చూడండి. వాన అతని చేతిలో లేదు, ధర లేదు, వడ్డీ లేదు, పొలం కాగితం కూడా లేదు. డెలివరీ కుర్రాడికి ఆర్డరు ఎప్పుడొస్తుందో, రేటింగ్ ఎందుకు పడిపోయిందో చెప్పేవాళ్లుండరు. అర్ధరాత్రి మీటింగు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో జూనియర్ ఇంజినీరుకు తెలియదు. వీళ్లకు యోగా చేయమని, పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పడం తేలిక. ప్రాజెక్టులో సగం మందిని తీసేసి మిగిలినవాళ్లకు ధ్యానం క్లాసు పెట్టించే సంస్థ, ఒత్తిడి తగ్గించడం లేదు. దాన్ని భరించే బాధ్యత కూడా ఉద్యోగి నెత్తినే పెడుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్నవుట్’ను తన వర్గీకరణలో నిర్వచిస్తూ, అది పనిచోట సరిగ్గా సంభాళించని దీర్ఘకాల ఒత్తిడి ఫలితమని రాసింది. వ్యక్తి బలహీనత అని రాయలేదు.

మన వంతు... వాళ్ల వంతు

మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి, వాటిని వదులుకోకూడదు. రోజూ అరగంట చెమట పట్టేలా నడిస్తే, పరుగు కోసం ఒళ్లు సిద్ధం చేసిన చక్కెర ఖర్చవుతుంది. ఊపిరి తీసుకున్నదానికంటే వదలడం నెమ్మదిగా సాగితే గుండె వేగం తగ్గుతుంది. దడ పుట్టినప్పుడు ఐదు నిమిషాలు అలా చేసి చూడండి. పడుకునే గదిలోకి ఫోన్ రానివ్వకండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక మనిషితో చెప్పుకోవడం. సలహా ఇవ్వకుండా వినే స్నేహితుడు ఒక్కడున్నా చాలు.

మిగిలింది అవతలివాళ్ల వంతు. మేనేజరు సెలవురోజు ఫోన్ చేయకపోవడం, చేయాల్సివస్తే విషయం ముందే మెసేజ్‌లో చెప్పడం. కాలేజీ వారానికొక పూట ఆటకు వదలడం. బ్యాంకు రికవరీ మనిషి ఇంటి ముందు అరవకపోవడం. ఇంట్లో మగాళ్లు రోగి సేవలో సగం పంచుకోవడం. వీటిలో వేటికీ పైసా ఖర్చు లేదు.

ఇంకో గోడ కూడా కూల్చాలి. హైదరాబాద్‌లోని ‘ఎర్రగడ్డ’ పేరును మనం దశాబ్దాలుగా వెక్కిరింతకు వాడాం. అక్కడున్నది వేలమందిని నిలబెట్టిన ప్రభుత్వ మానసిక వైద్యశాల. విశాఖలోనూ అలాంటి ఆసుపత్రి ఉంది. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన 2015-16 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఆ వెక్కిరింత కూడా దానికి ఒక కారణం.

> చెప్పుకోవడానికి ఒక నంబరు... 14416
>
> కేంద్ర ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.
>
> ఇవి రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి: నిద్ర, ఆకలి తప్పడం... ఊరికే ఏడుపు రావడం... పనిలో పదేపదే పొరపాట్లు... మందు, సిగరెట్లు పెరగడం... మనుషుల్ని తప్పించుకు తిరగడం. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. అలాంటివారిని ఒంటరిగా వదలొద్దు.
>
> చట్టం మీ వైపే ఉంది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి, వేరుగా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించకూడదు. వారికి చికిత్స, పునరావాసం కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

ఈ కథనం చదువుతున్న మీరు ఒత్తిడి పడుతున్నవారే కావచ్చు. తెలియకుండానే ఇంకొకరి మీద ఒత్తిడి పెడుతున్నవారూ కావచ్చు. మనలో చాలామంది రెండూ. ఆఫీసులో భరిస్తాం, ఇంటికొచ్చి పెడతాం. మీ ఒంటి కోసం మీరు ఈ వారం ఒక్క అలవాటు మార్చుకోండి. మీ కింద పనిచేసే మనిషి కోసం, మీ ఇంట్లో చదువుకునే బిడ్డ కోసం, మీ వాళ్లకు సేవచేస్తున్న ఆడమనిషి కోసం ఒక్క బరువు దించండి. ఎదుటివాడి ఓర్పు మీద నడిచే ఆఫీసైనా, కాలేజీ అయినా, ఇల్లైనా ఎక్కువ కాలం నిలబడదు. తట్టుకోవడం మనిషికి ఎప్పుడో వచ్చు. ఇప్పుడు నేర్చుకోవాల్సింది తగ్గించడం.